తొలిగూడు పథకం

ఒక పెద్ద అడవిలో చెట్లకేం కొదవ లేదు గానీ, తొర్రలకు మాత్రం కరువొచ్చింది. కరువంటే తొర్రలు లేక కాదు. ఉన్న తొర్రలకు ధర వచ్చినందువల్ల.

అంతకుముందు అలా ఉండేది కాదు. వడ్రంగిపిట్ట ఏటా ఒక చెట్టు పట్టుకుని, టకటకా పొడిచి తొర్ర చేసుకునేది. పిల్లలు ఎగిరిపోగానే దాన్ని వదిలేసి, మరుసటేడు ఇంకో చెట్టు చూసుకునేది. వదిలేసిన తొర్రలోకి చిలకో, గోరింకో, పాలపిట్టో వచ్చి చేరేది. అడిగేవాళ్ళు లేరు, అడిగించుకునేవాళ్ళూ లేరు.

ఒకరోజు ఒక తొండ వడ్రంగిపిట్ట చెట్టు మొదట్లో ఎండ కాచుకుంటూ ఇదంతా చూసింది. తొండ సంగతి మీకు తెలిసిందే. అవునన్నా తలాడిస్తుంది, కాదన్నా తలాడిస్తుంది. ఎదుటివాడు తన మాటకే ఒప్పుకుందనుకుంటాడు. బ్రోకరు పనికి అంతకు మించిన చదువు అక్కర్లేదు.

"మేస్త్రీగారూ, ముక్కు అరిగేలా పొడిచి చేసిన తొర్ర ఊరికే వదిలేసి పోతున్నారా?" అంది తొండ.

"నా పని అయిపోయింది కదా," అంది వడ్రంగిపిట్ట.

"మీ పని అయిపోయింది. వాళ్ళ అవసరం ఇప్పుడే మొదలైంది. ఆ రెంటికీ మధ్య నేనున్నాను," అని తొండ తలాడించింది.

ఆ ఏడాది తొర్ర ధర యాభై ఇప్పగింజలైంది. మరుసటేడు డెబ్బై. ఆ పై ఏడు వంద. తూర్పు ముఖం తొర్రకు పది గింజలు ఎక్కువ. వాగు కనిపిస్తే ఇరవై ఎక్కువ. ఏమీ కనిపించకపోతే, "రేపోమాపో ఎలుగుబంట్ల బాట ఇటే పడుతోంది, తేనెపట్లన్నీ ఇక్కడికే వస్తాయి" అని చెప్పి ముప్పై ఎక్కువ తీసుకునేది తొండ. "వాగుకి పది రెక్కల దూరం" అనేది. ఎవరి రెక్కలో అడిగితే తలాడించేది. అవి గద్ద రెక్కలని కొన్నాక తెలిసేది.

ఈ అడవిలోనే సింగారి, రేవడు అని ఒక గోరింకల జంట ఉండేది. కొత్త కాపురం. ఒక రామచిలుక తొర్ర వాకిట్లో అద్దెకు దిగారు. ఇంటావిడ చిలకకు షరతులెక్కువ. పొద్దు వాలాక ఈల వేయకూడదు. చుట్టాలు రాకూడదు. పిల్లల సంగతైతే అసలే కుదరదు.

"ఏమయ్యా, తొలకరి లోపల మనకంటూ ఒక తొర్ర ఉండాలి," అని సింగారి రోజూ అనేది. "గుడ్లు పెట్టే వేళకి ఏ కొమ్మ మీద కూర్చోమంటావు నన్ను?"

"చూస్తున్నాను కదే," అనేవాడు రేవడు. పాపం, నిజంగానే చూస్తున్నాడు. వాళ్ళు యాభై పోగేసేసరికి ధర డెబ్బై అయ్యేది. డెబ్బై పోగేసేసరికి వంద అయ్యేది. రెండేళ్ళు నోరు కట్టుకుని, చివరికి వంద గింజలూ కూడబెట్టారు. రేపు పొద్దున్నే వెళ్ళి తొర్ర కొనాలని ముక్కులు కడుక్కుని కూర్చున్నారు.

సరిగ్గా ఆ సాయంత్రమే అడవి సభ కూడింది.

సభ తానిచెట్టు కింద జరిగేది. అధ్యక్షుడు ఏనుగు. ఏనుగుకు ఇల్లు ఉండదు, అక్కర్లేదు కూడా. వానొస్తే తడుస్తుంది, ఎండొస్తే చెట్టు కింద నిలబడుతుంది. ఇళ్ళ గొడవ ఏమిటో బొత్తిగా తెలియదు కాబట్టి ఇళ్ళ శాఖ తన దగ్గరే ఉంచుకుంది. మనసు మాత్రం మంచిది. ఉపన్యాసం ముగియగానే దగ్గర్లో ఉన్న చెట్టుకి వీపు రుద్దుకుంటూ చప్పట్లు వినడం దానికి అలవాటు.

"ఈ అడవిలో ఎన్నో పిట్టలు సొంతగూడు లేక అల్లాడుతున్నాయని నా చెవిన పడింది," అంది ఏనుగు. అంత చెవిన ఆ మాట పడటానికి మూడేళ్ళు పట్టింది. "అందుకని తొలిగూడు పథకం పెడుతున్నాం. ఇంతవరకు సొంతిల్లు లేని ప్రతి జీవికీ, మొదటి తొర్ర కొనుక్కోవడానికి సభ యాభై గింజలు సాయం చేస్తుంది."

అడవంతా చప్పట్లు కొట్టింది. వడ్రంగిపిట్ట చెట్టు మీద అందరికన్నా గట్టిగా కొట్టింది. తొండ తలాడిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే సింగారీ రేవడూ వంద గింజలు మోసుకుని తొండ దగ్గరికి వెళ్ళారు.

"నూట యాభై," అంది తొండ.

"అదేంటి బాబాయ్, నిన్న వందే కదా," అంది సింగారి.

"నిన్న నీ దగ్గర వందే ఉందమ్మా. ఇవాళ నూట యాభై ఉంది కదా."

"ఆ యాభై ఇంకా మా చేతికి రాలేదు."

"ధర మాత్రం వచ్చేసింది తల్లీ. మీ సాయం కాలినడకన వస్తుంది, ధర రెక్కలు కట్టుకుని వస్తుంది. ఏం చేస్తాం?" అని తొండ నిజంగా బాధపడుతున్నట్టు మెడ ఊదించింది.

చేసేదిలేక ఇద్దరూ అర్జీ పెట్టడానికి తానిచెట్టు దగ్గరికి వెళ్ళారు. అక్కడ విచారణాధికారి తాబేలు కూర్చుని ఉంది. తన ఇల్లు తన వీపు మీదే ఉన్నవాడికి ఇల్లు లేనివాళ్ళ అర్జీలు అప్పగించడం సభవారి ఆలోచన. లంచం ఆశ ఉండదని అనుకున్నారట.

అర్జీ టేకాకు మీద, ముళ్ళపంది ముల్లుతో, రెండు ప్రతులు రాయాలి. ఒక ప్రతి తాబేలు డిప్పలో దోపుకుని విచారణకు బయల్దేరుతుంది. రెండోది ఏనుగు తొండంతో అందుకుని తానిచెట్టు మధ్య కొమ్మ దగ్గరున్న తొర్రలో వేస్తుంది. అక్కడ అది భద్రంగా ఉంటుంది. ఎంత భద్రంగా అంటే, తాబేలు చెట్టెక్కలేదు, ఏనుగుకి చదివే తీరిక లేదు.

"స్థిరనివాసం?" అడిగింది తాబేలు.

"మాకు ఇల్లు లేదండీ. అందుకే అర్జీ," అన్నాడు రేవడు.

"అది సరేనయ్యా. ఇల్లు లేదని విచారించడానికి నేను ఏ ఇంటికి రావాలి? అది రాయాలి కదా. ఖాళీ వదిలితే అర్జీ చెల్లదు."

రేవడు బిక్కమొహం వేశాడు. సింగారికి ఒళ్ళు మండింది. "ఇప్పుడు మేం కూర్చున్నదెక్కడ? తానిచెట్టు మధ్య కొమ్మ. అదే రాసుకోండి," అంది.

తాబేలు ఏ అభ్యంతరం చెప్పకుండా రాసుకుంది. ఖాళీ నిండితే చాలు దానికి.

"అయితే విచారణ ఇక్కడే, ఇప్పుడే అయిపోయినట్టేనా?" అంది సింగారి ఆశగా.

"వరస ఉంటుందమ్మా. అడవి ఆ కొస నుంచి మొదలుపెట్టాలి. ఇది ఆఖర్న వస్తుంది," అని తాబేలు బయల్దేరింది. సాయంత్రానికి చెట్టు నీడ దాటింది.

ఈలోగా అడవిలో ఒక వింత జరిగింది. ఇళ్ళున్నవాళ్ళందరికీ ఇళ్ళు లేకుండా పోయాయి. కుందేలు తన బొరియ బావమరిది పేర రాసి, తనకు నిలువ నీడ లేదని అర్జీ పెట్టింది. బావమరిది తన బొరియ కుందేలు చెల్లెలి పేర రాసి మరో అర్జీ పెట్టింది. ముంగిస తన కన్నం మీద నాలుగు ఆకులు కప్పి, ఇల్లు కూలిపోయిందంది. అడవి ఏర్పడ్డాక ఒక్క వారంలో అంతమంది నిర్వాసితులైంది అదే మొదటిసారి.

అందరినీ మించింది తాచుపాము. దానికి రెండు పుట్టలున్నాయి. ఆ రెండూ చెదపురుగులు కట్టినవే అనుకోండి. అది నడిదారిలో తాబేలుని ఆపి, "నాకు ఇల్లు లేదు," అంది.

"రెండు పుట్టలున్నాయి కదండీ?" అంది తాబేలు.

"అవి పాత పామువి. నిన్ననే కుబుసం విడిచాను. ఇదిగో, ఒళ్ళంతా కొత్తది. నేను పుట్టి ఒక్క రోజైంది. ఒక్క రోజులో ఇల్లెలా కడతాను?" అని పడగ విప్పింది.

తాబేలు తల లోపలికి లాక్కుని, లోపలి నుంచే మంజూరు చేసింది. ఆ తర్వాత పాము కుబుసం విడిచినప్పుడల్లా కొత్త అర్జీదారు అయ్యేది. వేసవి ముగిసేసరికి ఒక్క పాము నాలుగు తొలిగూళ్ళు సంపాదించింది.

సాయం గింజలు నేరుగా మేస్త్రీకే అందాలని సభ తీర్మానించింది కాబట్టి వడ్రంగిపిట్ట ఇంటి ముందు ఇప్పగింజలు కుప్పలు పడ్డాయి. గిరాకీ పెరిగింది, ధర రెండు వందలైంది. సామాన్య పిట్టలు మొరపెట్టుకున్నాయి. ఏనుగు జాలిపడి సాయాన్ని వందకు పెంచింది. మర్నాటికి ధర మూడు వందలైంది. ఏనుగుకి ఇంకా జాలేసింది గానీ, గింజలైపోయాయి.

అప్పుడు తొండ కొత్త ఎత్తు వేసింది. వాగు ఒడ్డున ఉన్న పెద్ద నల్లమద్దిని చూపించి, "ఒక చెట్టుకి ఒక తొర్ర పెడితే గిట్టుబాటెక్కడిది? ఒకే చెట్టుకి అరవై నాలుగు పెడదాం. పేరు మద్దిమహల్," అంది.

"అన్ని తొర్రలు పెడితే చెట్టెక్కడుంటుంది?" అంది వడ్రంగిపిట్ట. ఎంతైనా పనితనం తెలిసిన పిట్ట.

"మనం అమ్మేది తొర్రలు కదండీ, చెట్టు కాదుగా," అంది తొండ.

మద్దిమహల్‌లో ముందుగా మాట్లాడుకున్నవాళ్ళకి ధర తగ్గిస్తామని తొండ అడవంతా చాటింది. రేవడు వెళ్ళి నలభై ఒకటో తొర్రకి ఉన్న వంద గింజలూ బయానా ఇచ్చేసి వచ్చాడు.

"ఇచ్చే ముందు ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా," అంది సింగారి.

"చెబితే వద్దంటావని," అన్నాడు రేవడు.

సింగారి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, కానీ మద్దిమహల్ గురించి కాదు. "నాకు రోజులు దగ్గర పడ్డాయయ్యా. పడమటి మబ్బు చూశావా?" అంది. ఆమె గొంతులో భయం రేవడు వినడం అదే మొదలు. చిలక ఇంటావిడ అప్పటికే వాకిలి ఖాళీ చేయమని చెప్పేసింది.

గృహప్రవేశానికి ముహూర్తం కుదిరింది. అధ్యక్షులవారు వచ్చి తీగ తెంచేదాకా ఎవరూ లోపల కాలు పెట్టకూడదన్నారు. అరవై నాలుగు తొర్రల వారూ చెట్టుకి ఎదురుగా, పిల్లల్ని వెంటేసుకుని బారులు తీరారు. పాము నాలుగు వరసల్లో నాలుగు చోట్ల తల చూపించి కూర్చుంది. సింగారి కొమ్మ మీద కుదురుగా కూర్చోలేకపోతోంది.

ఏనుగు వచ్చింది, తీగ తెంచింది, మాట్లాడింది. "ఈ మద్దిమహల్ మన సంకల్పమంత దృఢమైనది," అంది. చప్పట్లు మోగాయి. ఏనుగుకి తృప్తిగా అనిపించింది. అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేసి, దగ్గర్లో ఉన్న చెట్టుకి వీపు ఆనించి ఒక్కసారి రుద్దుకుంది.

ఆ దగ్గర్లో ఉన్న చెట్టు మద్దిమహలే.

ముందు ఒక చిన్న చిటుకు వినపడింది. ఆ తర్వాత అరవై నాలుగు తొర్రలూ ఒకదాంట్లోకొకటి దిగబడి, చెట్టు మొత్తం నిదానంగా, ఎవరినీ నొప్పించకుండా, వాగులోకి ఒరిగిపోయింది. ఏనుగు ఇంకా రుద్దుకుంటూనే, వీపు దేనికీ తగలడం లేదేమని వెనక్కి తిరిగి చూసింది.

"నా తొర్ర!" అని రేవడు ఒక్క కేక పెట్టాడు. అంతలో తొలకరి చినుకు వాడి ముక్కు మీద పడింది.

చుట్టూ తిట్లు, ఏడుపులు, వాన. తొండ ఏ రంగులోకి మారిందో ఎక్కడా కనిపించలేదు. సింగారి మాత్రం ఏడవలేదు. ఆమెకు ఏడవడానికి తీరిక లేదు. వాన జల్లులోనే ఎగిరి తానిచెట్టు మధ్య కొమ్మకి చేరి, అర్జీల తొర్రలోకి దూరిపోయింది. రేవడు వెనకే వచ్చాడు.

"ఇది సభవారి తొర్రే!" అన్నాడు వణుకుతూ.

"ఆ సంగతి గుడ్డుకి నువ్వు చెప్పు," అంది సింగారి లోపలి నుంచి.

లోపల పొడిగా, మెత్తగా ఉంది. ఎన్నాళ్ళనుంచో పడ్డ అర్జీలు ఎండి, నలిగి పరుపులా అయ్యాయి. ఇల్లు కావాలని అడవి మొత్తం రాసుకున్న గోడు మీద కూర్చుని సింగారి నాలుగు నీలం గుడ్లు పెట్టింది. రేవడు వాటిని చూసి, వందగింజల సంగతి మరిచిపోయి, ఎవరూ కాదనేవారు లేరు కదా అని ఈల వేశాడు.

మద్దిమహల్ నష్టపరిహారం కోసం మళ్ళీ అర్జీలు మొదలయ్యాయి. ఏనుగు చూడకుండానే తొండం ఎత్తి తొర్రలో వేసేది. సింగారి వాటిని అందుకుని వాన కొట్టే వైపు అడ్డం పెట్టుకునేది. సభ వల్ల ఒక ఇంటికి చూరు అమరడం ఆ అడవి చరిత్రలో అదే మొదలు.

గుడ్లు పిల్లలయ్యాయి. ఒకరోజు ఏనుగు అర్జీ వేస్తుంటే పెద్ద పిల్ల తొండం కొసని పురుగనుకుని గట్టిగా పొడిచింది. సంగతి బయటపడింది.

"సభ తొర్రలో కాపురమా?" అంది ఏనుగు. "రేపు పొద్దున్నకల్లా ఖాళీ చేయాలి. అందరూ ఇలాగే దూరితే పథకాలెందుకు?"

"పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు స్వామీ. పది రోజులు ఆగండి," అని బతిమాలింది సింగారి.

"నిబంధన నిబంధనే," అంది ఏనుగు. ఆ రాత్రి సింగారి ఒక్కో పిల్ల రెక్కా విప్పి చూసింది. ఏ ఒక్కటీ ఎగరడానికి పనికొచ్చేట్టు లేదు.

పొద్దున్నే ఏనుగు వచ్చి తొండం ఎత్తింది. సరిగ్గా అప్పుడే చెట్టు మొదట్లో ఎవరో దగ్గారు. చూస్తే తాబేలు. అడవంతా తిరిగి, వరసలో ఆఖరి అర్జీ పట్టుకుని వచ్చింది.

"ఒక్క క్షణం అయ్యగారూ. విచారణ ఉంది," అంది తాబేలు. పైకి చూసి, "సింగారి, రేవడు. స్థిరనివాసం తానిచెట్టు మధ్య కొమ్మ. ఇదేనా?"

"ఇదే," అంది సింగారి.

"లోపల పరుపు ఉందా?"

"ఉంది."

"చూరు ఉందా? పిల్లలున్నారా?"

"ఉన్నారు," అన్నాడు రేవడు.

తాబేలు ముల్లు తీసి, టేకాకు మీద తాపీగా రాసింది. రాసినదాన్ని పైకి చదివింది. "సదరు దంపతులు అర్జీలో చూపిన చోటనే సొంతిల్లు కలిగి, పిల్లాపాపలతో నివసిస్తున్నట్టు విచారణలో తేలినందున, తొలిగూడు సాయానికి అర్హులు కారు. అర్జీ తిరస్కరించడమైనది."

ఏనుగు అలవాటు కొద్దీ తొండం కొస ఎర్రమట్టిలో ముంచి దాని మీద ముద్ర వేసి, ఆకుని పైకి అందించింది.

"అంతా పోయిందే సింగారీ. ఆ సాయం కూడా పోయింది," అని రేవడు కూలబడ్డాడు. సింగారి ఆకుని రెండుసార్లు చదివింది. తర్వాత నవ్వింది.

"ఇక బయటికి రండి," అంది ఏనుగు.

"ఎందుకు స్వామీ? మా సొంతిల్లు కదా," అని సింగారి ఆకు తిప్పి చూపించింది. "ఇదిగో, తమరి ముద్ర."

ఏనుగు చిన్న కళ్ళు మరీ చిన్నవి చేసుకుని చదివింది. "ఏమయ్యా, ఇందులో సొంతిల్లని రాశావే?" అంది తాబేలుతో.

"విచారణలో తేలిందండి."

"తప్పు తేలిందని కొట్టేస్తే?"

"కొట్టేయొచ్చండి. అప్పుడు నేను చేసిన విచారణలన్నీ తిరగదోడాలి. పాముగారివి కూడా. ఆయన్ని పిలిపించమంటారా?"

ఏనుగు తొండం దించేసింది. పిల్లలు పది రోజులు కాదు, రెక్కలొచ్చేదాకా అక్కడే పెరిగారు. మరుసటేడు ఇంకో నలుగురు పెరిగారు. రెక్కలొచ్చిన ప్రతి పిల్లకీ సింగారి ఆ ఆకు చూపించి మరీ పంపేది.

అర్జీలకు తొర్ర లేకుండా పోయింది కాబట్టి, తమకొక తొర్ర కావాలని సభే తొలిగూడు పథకం కింద అర్జీ పెట్టుకుంది. దాన్ని ఎక్కడ వేయాలో తెలియక ఏనుగు ఇప్పటికీ తొండంతో పట్టుకునే తిరుగుతోంది.

తొండ, వడ్రంగిపిట్ట కలిసి వాగు ఒడ్డున పాతిపెట్టుకున్న ఇప్పగింజలన్నీ ఆ తొలకరి వానకి మొలకెత్తి మొక్కలయ్యాయి. వడ్రంగిపిట్ట తన పాత పద్ధతికి పోయి ఏడాదికొక తొర్ర చేసుకుంటోంది. తొండ మాత్రం జానెడు ఇప్పమొక్క పక్కన నిలబడి, "నలభయ్యేళ్ళలో ఇక్కడ మంచి తొర్రలొస్తాయి, ఇప్పుడైతే ధర తక్కువ" అంటూ తలాడిస్తోందట. కొనేవాళ్ళు వరసలో ఉన్నారట కూడా.

నీతి: ఇల్లిస్తామని సర్కారు ఇచ్చిన మాట మరిచిపోయినా పర్వాలేదు గానీ, నీకు ఇల్లుంది పొమ్మని ఇచ్చిన కాగితం మాత్రం ప్రాణంలా దాచుకోవాలి.